కారు లేకుండా కాట్స్‌వోల్డ్స్: శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా

లండన్ చుట్టుపక్కల నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో కాట్స్‌వోల్డ్స్ చూడనివారు దాదాపు లేరు. అక్కడ ఒక్క రాత్రి నిద్ర చేసినవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పొద్దున ఆరింటికి కారెక్కి, మధ్యాహ్నానికి నాలుగు ఊళ్లు చుట్టి, ప్రతి ఊళ్లోనూ పార్కింగ్ కోసం అరగంట తిరిగి, రాత్రి పదింటికి ఇల్లు చేరి, మర్నాడంతా ఒళ్లు నొప్పులతో పడుకోవడమే మనవాళ్లకు అలవాటైన పద్ధతి. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. ఆరోజు చూసిన ఊళ్ల పేర్లు ఫోనులోని ఫొటోలు చూస్తే తప్ప గుర్తుకు రావు. ఆ తరువాత మెల్లమెల్లగా తెలిసిన సంగతులను ఈ మార్గదర్శిలో వరసగా చెబుతాను. ఒకే ఊళ్లో రెండు రాత్రులు ఉండడం, రైల్లో వెళ్లడం, రోజుకు ఒక నడక మాత్రమే పెట్టుకోవడం అన్న మూడు నియమాల మీద ఈ ప్రణాళిక నిలబడి ఉంది.

ముందుగా, ఇది ఎలాంటి ప్రాంతమో

కాట్స్‌వోల్డ్స్ అనేది ఒక ఊరు కాదు, ఒక జిల్లా కూడా కాదు. నైరుతి దిక్కున బాత్ నగరం దగ్గర మొదలై ఈశాన్యంగా చిప్పింగ్ క్యాంప్‌డెన్ దాటేవరకు సాగే సున్నపురాతి గుట్టల వరస అది. దాదాపు 2,000 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతానికి 1966లో ప్రకృతి సౌందర్య పరిరక్షణ హోదా లభించింది. ఇక్కడి ఇళ్లన్నీ తేనె రంగులో ఎందుకుంటాయని చాలామంది అడుగుతారు. అది సున్నమో రంగో పూసినందువల్ల వచ్చింది కాదు. నేలలోంచి తీసిన రాయికే ఆ రంగు ఉంది. జురాసిక్ యుగంలో వెచ్చని సముద్రపు అడుగున చేపగుడ్లలాంటి సన్నని గింజలుగా పేరుకుని గట్టిపడిన సున్నపురాయిలో ఇనుము కలవడం వల్ల ఉత్తరాన పసుపు ఎక్కువగానూ, దక్షిణాన బాత్ వైపు వెళ్లేకొద్దీ రాయి పాలిపోయినట్టుగానూ కనిపిస్తుంది. మన ఇళ్లలో పరిచే తాండూరు రాయి, కడప రాయి కూడా సున్నపురాయి జాతివే గనుక, ఈ ఊళ్లను చూస్తున్నప్పుడు రాతిని బట్టి ఊరి రూపం ఏర్పడడం మనకు కొత్త విషయమేమీ కాదు.

ఆ రాతితో అంత పెద్ద చర్చిలూ ఇళ్లూ కట్టుకునే డబ్బు ఈ పల్లెలకు గొర్రెల నుంచి వచ్చింది. మధ్యయుగాల్లో ఇక్కడి గొర్రెల ఉన్ని ఐరోపా అంతటికీ ఎగుమతి అయ్యేది. చిన్న ఊళ్లో అవసరానికి మించిన పెద్ద చర్చి కనిపిస్తే అది ఉన్ని వర్తకుల సొమ్మేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. తరువాతి కాలంలో బట్టల మిల్లులు ఉత్తరాన యార్క్‌షైర్ వైపు తరలిపోగా, ఇక్కడివాళ్ల చేతిలో పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునేంత డబ్బు మిగల్లేదు. ఈనాడు మనం ఫొటోలు తీసుకుంటున్న అందానికి ఆనాటి లేమి కూడా ఒక కారణమే.

మొదటి మెట్టు: బస చేసే ఊరిని ఎంచుకోవడం

కారు లేకుండా వెళ్లేవారికి నేను చెప్పే ఊరు మోర్టన్-ఇన్-మార్ష్. అందంలో దీనిని మించిన ఊళ్లు పది ఉన్నాయి. అయితే లండన్ పాడింగ్టన్ నుంచి నేరుగా గంటన్నర, గంటా నలభై నిమిషాల్లో చేర్చే రైలు ఈ ఊళ్లోనే ఆగుతుంది. స్టేషన్ నుంచి ప్రధాన వీధికి సంచి ఈడ్చుకుంటూ అయిదు నిమిషాల్లో నడిచిపోవచ్చు. సరుకుల దుకాణాలు, పబ్బులు, టీ కొట్లు, చుట్టుపక్కల ఊళ్లకు బస్సులు అన్నీ ఆ వీధిలోనే దొరుకుతాయి. బోర్టన్-ఆన్-ది-వాటర్‌లో ఉండాలని చాలామందికి ఆశగా ఉంటుంది గానీ, అక్కడికి రైలు లేదు, పగలంతా టూరిస్టు బస్సుల రద్దీ ఉంటుంది. స్టో-ఆన్-ది-వోల్డ్ గుట్ట మీది ఊరు. అక్కడ ఉండడం బాగానే ఉంటుంది గానీ, శుక్రవారం రాత్రి రైలు దిగాక చివరి బస్సు వెళ్లిపోయి ఉంటే ముందుగా మాట్లాడుకున్న టాక్సీ తప్ప మరో దారి ఉండదు. పల్లెల్లో టాక్సీ పిలిచిన వెంటనే రాదు.

బసలో మూడు రకాలున్నాయి. పబ్బు పైన గదులుండే పాతకాలపు సత్రాలు మొదటివి. వీటిలో కింద భోజనం, పైన పడక కాబట్టి సౌకర్యమే గానీ, గది కింద శనివారం రాత్రి పదకొండింటిదాకా మాటల సందడి ఉంటుంది. ఇంటివాళ్లే గదులిచ్చి పొద్దున టిఫిను పెట్టే బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లు రెండో రకం. ఇద్దరే వెళితే నా ఓటు వీటికే. మూడోది వంటగదితో సహా ఇల్లంతా అద్దెకిచ్చే కాటేజీలు. పిల్లలతోనో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనో వెళ్లేవారికి పప్పన్నం వండుకునే వీలుంటుంది కాబట్టి ఇవే మేలు. అయితే చాలా కాటేజీలను శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రులకు తక్కువగా ఇవ్వరు. ఆ షరతు చూసుకున్న తరువాతే రైలు టికెట్టు కొనాలి.

రెండో మెట్టు: ఏ నెలలో, ఏ వారంలో

నాకు నచ్చిన కాలం ఏప్రిల్ చివరి వారం నుంచి మే మూడో వారం వరకు. అడవుల్లో నేలంతా నీలిపూలు పరుచుకుని ఉంటాయి, పొలాల్లో గొర్రెపిల్లలు గెంతుతుంటాయి, బడిపిల్లల వేసవి సెలవుల రద్దీ ఇంకా మొదలుకాదు. జూన్ మూడో వారంలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు ఉంటుంది కాబట్టి భోజనం చేశాక కూడా ఒక నడక నడవవచ్చు. డిసెంబరులో మాత్రం సాయంత్రం నాలుగయ్యేసరికి చీకటి పడుతుంది. అప్పుడు వెళితే పొద్దున తొందరగా లేచి నడక ముగించుకుని, మధ్యాహ్నం నుంచి పబ్బులో నిప్పుగూడు పక్కన కూర్చోవడానికే సిద్ధపడి వెళ్లాలి. అదీ ఒక సుఖమే.

తప్పించుకోవలసిన వారాలు రెండు రకాలు. మే మొదటి సోమవారం, మే చివరి సోమవారం, ఆగస్టు చివరి సోమవారం బ్యాంకు సెలవులు. ఆ మూడు వారాంతాల్లో గదుల ధరలూ జనమూ రెండూ పెరుగుతాయి. స్టో ఊళ్లో ఏడాదికి రెండుసార్లు, మే నెలలోనూ అక్టోబరులోనూ, గుర్రాల సంత జరుగుతుంది. చూడాలనే వెళ్లేవారికి అది వేడుకే. తెలియక ఆ రోజున వెళ్లినవారికి మాత్రం దారులన్నీ స్తంభించిపోయి కనిపిస్తాయి.

మూడో మెట్టు: రైలు టికెట్టు

ఒక ఫలానా రైలుకే చెల్లే అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా 12 వారాల ముందు అమ్మకానికి వస్తాయి, ముందుగా కొంటే ధర తక్కువ. ఇద్దరు పెద్దలు కలిసి ప్రయాణం చేస్తే టూ టుగెదర్ రైల్‌కార్డు, పిల్లలతో వెళితే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు తీసుకోవాలి. రెండోదానిలో పెద్దల చార్జీలో మూడో వంతు, పిల్లల చార్జీలో 60 శాతం తగ్గుతుంది. 2025 నాటి ధర ప్రకారం కార్డుకు 35 పౌండ్లు పెట్టినా, ఏడాదిలో రెండు మూడు ప్రయాణాలతో ఆ డబ్బు తిరిగి వచ్చినట్టే. అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. శుక్రవారం సాయంత్రం రద్దీ వేళ కాబట్టి, మీరు కొన్న టికెట్టు మీద, రైల్‌కార్డు మీద సమయాల ఆంక్షలు ఏమున్నాయో కొనేముందే చదువుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది: పట్టాల మరమ్మతులు వారాంతాల్లోనే పెడతారు. రైలు బదులు బస్సు వేశారేమోనని బయలుదేరే ముందురోజు తప్పకుండా చూసుకోవాలి. ఒకసారి నేను చూసుకోలేదు. గంటా నలభై నిమిషాల ప్రయాణం మూడున్నర గంటలైంది.

నాలుగో మెట్టు: సంచిలో ఏం పెట్టుకోవాలి

బట్టల గురించి ఒక్క మాట చాలు: మందమైన స్వెట్టరు ఒకటి తీసుకుపోవడం కన్నా పలుచనివి మూడు, వాటి మీద వాన తగిలితే తడవని జాకెట్టు ఒకటి ఉంటే ఏ నెలకైనా సరిపోతాయి. జీన్స్ ప్యాంటు వానలో తడిస్తే ఆ రోజంతా ఆరదు. చెప్పుల విషయంలో మాత్రం రాజీ పడకండి. తెల్ల స్నీకర్లతో వెళ్లిన వారు మొదటి పొలం దాటేసరికే పశ్చాత్తాపపడతారు. చీలమండ దాకా ఉండి, అడుగున గట్లు ఉన్న నడక బూట్లు కావాలి. బ్రిటన్ జాతీయ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ వరసలో ఓఎల్ 45 అనే పటం ఈ నడకలున్న భాగమంతటినీ చూపిస్తుంది. లోయల్లో ఫోను సిగ్నల్ పోతుంది కాబట్టి ఆ కాగితపు పటాన్ని కొనడమో, ఫోనులోకి ముందే దించుకోవడమో చేయాలి. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర ఉంటే శనివారం మధ్యాహ్నం గురించి దిగులు ఉండదు. పులిహోర చల్లారినా రుచి చెడదు, చేతికి జిడ్డు అంటినా పక్కనే వాగు ఉంటుంది.

అయిదో మెట్టు: శుక్రవారం సాయంత్రం

పాడింగ్టన్‌లో ఎక్కిన రైలు రెడింగ్ మీదుగా ఆక్స్‌ఫర్డ్ దాటేదాకా ఆఫీసు జనంతో నిండి ఉంటుంది. ఆ తరువాత ఈవెన్‌లోడ్ అనే చిన్న నదిని మాటిమాటికీ దాటుకుంటూ సాగుతుంది. ల్యాప్‌టాప్ మూయవలసిన చోటు అదే. చార్ల్‌బరీ, కింగమ్ స్టేషన్లు దాటాక మోర్టన్ వస్తుంది. ఊరి పెద్ద వీధి చాలా వెడల్పుగా, తిన్నగా ఉంటుంది. అది రోమన్లు ఎక్సెటర్ నుంచి లింకన్ దాకా వేసిన ఫాస్ వే అనే దారిలో ఒక ముక్క. వీధి నడుమ 1887లో కట్టిన రెడెస్‌డేల్ హాలు కనిపిస్తుంది.

గదికి వెళ్లగానే పడుకోకండి, ముందు భోజనం సంగతి చూసుకోవాలి. పల్లె పబ్బుల్లో వంటగది సాధారణంగా రాత్రి తొమ్మిదింటికి కట్టేస్తారు, కొన్ని చోట్ల ఎనిమిదిన్నరకే. మన అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకు వెళితే ఆలుగడ్డ చిప్సు పొట్లాలతో పడుకోవలసి వస్తుంది. బల్లను ముందే ఫోనులో మాట్లాడుకుని ఉంచడం మంచిది. చాలా పబ్బుల్లో బల్ల దగ్గరికి వచ్చి ఎవరూ అడగరు. బల్ల నంబరు చూసుకుని, బార్ దగ్గరికి మనమే వెళ్లి చెప్పి, అక్కడే డబ్బు కట్టి రావాలి. ఎవరూ పట్టించుకోవడం లేదని మొదటిసారి నేను ఇరవై నిమిషాలు అలిగి కూర్చున్నాను.

శాకాహారులు కొంచెం నోరు విప్పి అడగాలి. పబ్బుల్లో ఆదివారం మధ్యాహ్నం పెట్టే రోస్టు భోజనంలో మాంసం బదులు గింజలతో చేసిన నట్ రోస్ట్ ఇస్తారు గానీ, దాని మీద పోసే గ్రేవీ మాంసపు రసంతో చేసింది కావచ్చు. పక్కన పెట్టే యార్క్‌షైర్ పుడ్డింగులో గుడ్డు ఉంటుంది. ఇక్కడ చిప్స్ అని పిలిచే వేడి ఆలుగడ్డ ముక్కలను చేపలు వేయించిన నూనెలోనే వేయించి ఉండవచ్చు. కొన్ని జున్నులను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. ఇవేవీ అడగడానికి మొహమాటపడనక్కరలేదు, అడిగితే విసుక్కోకుండా వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు. ఏదీ కుదరనప్పుడు పొట్టుతో కాల్చిన పెద్ద ఆలుగడ్డలో వెన్న, జున్ను, బీన్సు వేసి ఇచ్చే జాకెట్ పొటాటో ఎక్కడైనా దొరుకుతుంది. దాని మీదికి ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ కొంచెం ఉంటే మంచిదే గానీ, అది గదిలో తినేటప్పుడు.

ఆరో మెట్టు: శనివారం, నీటి పక్కన

ఈ రోజుకు ఒక కిటుకు ఉంది. బోర్టన్‌కు టూరిస్టు బస్సులు పది, పదకొండు మధ్య వచ్చి సాయంత్రం నాలుగు, అయిదింటికి వెళ్లిపోతాయి. కనుక పొద్దున మొదటి బస్సుల్లో ఏదో ఒకటి పట్టుకుని వాళ్లకన్నా ముందు బోర్టన్ చేరి, వాళ్లు వచ్చే వేళకు మనం పొలాల్లోకి నడిచిపోవాలి. చెల్టెన్‌హామ్, బోర్టన్, స్టో, మోర్టన్ ఊళ్లను కలిపే 801 నంబరు బస్సు మోర్టన్ పెద్ద వీధిలోనే ఎక్కవచ్చు. అరగంట అటూ ఇటూగా బోర్టన్ చేరుస్తుంది. బస్సు వస్తున్నప్పుడు చెయ్యి చాచకపోతే ఆగకుండా వెళ్లిపోతుంది. దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పడం ఇక్కడి మర్యాద. తిరుగు బస్సుల వేళలను ఎక్కే ముందే ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే చివరి బస్సు మీరనుకున్న దానికన్నా చాలా ముందే వెళ్లిపోతుంది.

బోర్టన్ ఊరి మధ్య నుంచి విండ్‌రష్ నది పారుతుంది. నది అన్నాను గానీ, గోదావరి చూసిన కళ్లకు అది పంటకాలువ. మోకాలి లోతు కూడా ఉండదు. దాని మీద పిట్టగోడల్లేని చిన్న రాతి వంతెనలు వరసగా ఉంటాయి. పొద్దున తొమ్మిదింటికి ఆ గట్టు మీద బాతులు, కుక్కల్ని తిప్పేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పిల్లలుంటే ఊరిని తొమ్మిదో వంతు కొలతలో రాతితో కట్టి 1937లో తెరిచిన మోడల్ విలేజ్ చూపించండి. ఆ చిన్న ఊళ్లో ఆ చిన్న ఊరి నమూనా ఒకటి, అందులో మళ్లీ ఇంకా చిన్నది ఒకటి ఉంటాయి; పిల్లలు అక్కడి నుంచి ఒక పట్టాన కదలరు.

పదిన్నరకల్లా లోయర్ స్లాటర్ వైపు నడక మొదలుపెట్టాలి. దూరం ఒక మైలు, దారి దాదాపు చదునుగానే ఉంటుంది, బాటగుర్తులు స్పష్టంగా ఉంటాయి. ఊరి పేరు చూసి బెదిరిపోవద్దు. జంతువధతో దానికి సంబంధం లేదు, బురదనేల అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందని చెబుతారు. ఐ అనే సన్నని వాగు ఇళ్ల ముంగిళ్లను రాసుకుంటూ పారుతుంది, చివర్న ఎర్ర ఇటుకల పొగగొట్టంతో పాత నీటి మిల్లు ఉంటుంది. అక్కడి నుంచి గడ్డి మైదానాల మీదుగా మరో మైలు నడిస్తే అప్పర్ స్లాటర్. రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లిన మగవాళ్లందరూ ప్రాణాలతో తిరిగి వచ్చిన కొద్దిపాటి ఇంగ్లండ్ ఊళ్లలో ఇది ఒకటి. మిగతా ఊళ్లలో తప్పనిసరిగా కనిపించే మృతవీరుల స్మారక స్తంభం అందుకే ఇక్కడ కనిపించదు. ఊరి చౌకులోని కాటేజీలను 1906లో తిరిగి తీర్చిదిద్దినవాడు ఎడ్విన్ లుటియన్స్. రైసినా కొండ మీద ఢిల్లీ వైస్రాయి భవనాన్ని, అంటే ఇప్పటి రాష్ట్రపతి భవన్‌ను కట్టిన లుటియన్సే ఈయన. అంత పెద్ద భవనానికీ ఈ చిన్న గుమ్మాల వరసకూ ఒకే చేయి గీత గీసిందంటే నమ్మడం కష్టం. వాగు ఒడ్డున ఏదో ఒక చోట పులిహోర డబ్బా తీయడానికి ఇదే సమయం.

ఈ నడకలో మొదటిసారి వచ్చినవారిని ఇబ్బంది పెట్టేది ఒక సందేహం: దారి సరిగ్గా ఒకరి పొలంలోంచో, పెరటి పక్కనుంచో పోతుంటే వెళ్లవచ్చా? నిశ్చింతగా వెళ్లవచ్చు. 1949 నాటి చట్టం ప్రకారం ఇలాంటి బాటలన్నిటినీ పటాల మీద నమోదు చేశారు. భూమి ఎవరిదైనా ఆ బాట మీద నడిచే హక్కు అందరిదీ. పసుపు బాణం గుర్తు ఉంటే మనుషులు నడిచే బాట, నీలి బాణం ఉంటే గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. మూసి ఉన్న గేటును దాటాక మూసేయాలి. రైతు తెరిచి ఉంచిన గేటును తెరిచే ఉంచాలి, అటువైపు నీళ్ల కోసం పశువులు వెళుతుండవచ్చు. దూడలున్న ఆవుల మందకు మాత్రం దూరంగా చుట్టు తిరిగి వెళ్లాలి. మనూళ్లో ఆవు వీపు నిమిరే అలవాటును ఇక్కడ చూపించవద్దు. ఇవి మనుషులకు మచ్చికైన పశువులు కావు, దూడకు ముప్పనుకుంటే మీదికి వస్తాయి.

మా మామగారు వచ్చినప్పుడు ఈ దారిలోనే ఆగి, ఇన్ని గొర్రెలున్నాయి, కాపరి ఏడీ అని అడిగారు. ఆయన ప్రకాశం జిల్లా మనిషి. చుట్టూ ఉన్న గోడలే కాపరి అని చెప్పాను. సున్నమూ సిమెంటూ లేకుండా, రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆ గోడలను ఆయన చేత్తో కదిపి చూసి, కదలకపోతే సంతోషించారు.

వచ్చిన దారినే బోర్టన్ తిరిగి వచ్చి, మధ్యాహ్నపు బస్సులో స్టో దగ్గర దిగండి. సుమారు 240 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో గాలి ఎప్పుడూ ఒక స్వెట్టరు ఎక్కువే అడుగుతుంది. ఒకప్పుడు గొర్రెల సంత జరిగిన పెద్ద చౌకు, ఆ చౌకులోకి గొర్రెలను ఒక్కొక్కటిగా తోలడానికి పనికొచ్చిన ఇరుకు సందులు ఇప్పటికీ ఉన్నాయి. 1646 మార్చిలో, ఇంగ్లండ్ రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన మొదటి అంతర్యుద్ధపు చివరి పోరు ఇక్కడే ముగిసింది. సెయింట్ ఎడ్వర్డ్ చర్చి ఉత్తర ద్వారానికి అటూ ఇటూ రెండు ముసలి యూ చెట్లు గోడలోంచే మొలిచినట్టు నిలబడి ఉంటాయి; అందరూ తీసే ఫొటో అదే, మీరూ తీసుకోండి. తరువాత క్రీమ్ టీ. స్కోన్ అనే రొట్టె మీద జామ్ ముందా, మీగడ ముందా అన్న తగవు డెవన్, కార్న్‌వాల్ వాళ్లది. ఇక్కడ ఎలా తిన్నా ఎవరూ ఏమీ అనరు.

ఏడో మెట్టు: ఆదివారం, బస్సు అవసరం లేని రోజు

ఆదివారం బస్సులు బాగా తగ్గిపోతాయి, కొన్ని మార్గాల్లో అసలు ఉండవు. అందుకే ఈ రోజుకు మోర్టన్ నుంచే కాలినడకన వెళ్లి వచ్చే చోట్లు పెట్టుకోవాలి. గది ఖాళీ చేసి, సంచులను సాయంత్రం దాకా అక్కడే ఉంచనిస్తారేమో అడగండి, సాధారణంగా కాదనరు.

నడవడం కష్టమైన పెద్దవాళ్లు ఉంటే మైలున్నర దూరంలోని బాట్స్‌ఫర్డ్ చెట్ల తోటకు టాక్సీలో తీసుకుపోవచ్చు. జపాన్‌లో బ్రిటిష్ దౌత్య ఉద్యోగిగా పనిచేసి వచ్చిన ఆల్జర్నన్ ఫ్రీమన్-మిట్‌ఫర్డ్ అక్కడి తోటల మీద మనసుపడి పెంచిన తోట ఇది; కంచు బుద్ధుడు కూడా ఉన్నాడు. ఏప్రిల్‌లో చెర్రీ పూలకు, అక్టోబరు చివర్లో ఎర్రబడే మేపుల్ ఆకులకు పేరు.

నడవగలిగిన వారికి మాత్రం నేను చెప్పేది సెజిన్‌కోట్ నడక. మోర్టన్ నుంచి పడమరగా పొలాల మీదుగా రెండు మైళ్లు నడిస్తే గుట్ట వాలు మీద బోర్టన్-ఆన్-ది-హిల్ అనే ఊరు వస్తుంది. నిన్న చూసిన బోర్టన్‌కూ దీనికీ సంబంధం లేదు. అక్కడి నుంచి దక్షిణంగా హార్ట్ ఆఫ్ ఇంగ్లండ్ వే అనే బాట పట్టుకుని ఓక్ చెట్ల మధ్య గడ్డి మైదానంలో మైలు దూరం పోగానే, చెట్ల సందుల్లోంచి పాచిపట్టిన రాగి రంగులో ఒక ఉల్లిపాయ గుమ్మటం పైకి లేస్తుంది. మూలల్లో ఛత్రీలనే చిన్న గుమ్మటపు మండపాలు, గోడల పైన ఛజ్జాలనే వెడల్పాటి చూరులు, నెమలి పురి ఆకారంలో కిటికీ తోరణాలు. ఇంగ్లండ్ పల్లె మధ్యలో మొఘల్ భవనం, అదే సెజిన్‌కోట్.

ఈ ఎస్టేటును ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన కర్నల్ జాన్ కాకరెల్ 1795లో కొన్నాడు. ఆయన మూడేళ్లకే చనిపోగా, కంపెనీ కొలువులోనే బాగా గడించిన తమ్ముడు చార్లెస్‌కు అది దక్కింది. వాస్తుశిల్పి అయిన మరో సోదరుడు శామ్యూల్ పెపిస్ కాకరెల్ చేత చార్లెస్ 1805 ప్రాంతంలో ఈ ఇల్లు కట్టించాడు. భారతదేశమంతా తిరిగి బొమ్మలు గీసిన చిత్రకారుడు థామస్ డేనియల్ తోటకు సలహాలిచ్చాడు. తోటలో సూర్యుడి గుడి, వంతెన మీద నందులు ఉన్నాయి. ఆనాటి యువరాజు ఈ ఇంటిని చూసి ముచ్చటపడ్డాడనీ, తరువాత బ్రైటన్‌లో ఆయన కట్టించుకున్న పెవిలియన్ మీద దీని ప్రభావం ఉందనీ చరిత్రకారులు చెబుతారు. లోపలి గదులు మాత్రం పూర్తిగా ఇంగ్లీషు పద్ధతిలోనే ఉంటాయి. మన దేశపు సొమ్ముతో, మన దేశపు గుమ్మటాన్ని, ఇక్కడి వానలో నానుతుండగా చూసినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది, తరువాత కాసేపు మాట రాలేదు.

ఈ ఇల్లు ఇప్పటికీ ప్రైవేటు ఆస్తి. తోట తెరిచే రోజులు కొన్నే, అవీ ఎక్కువగా వారపు రోజుల్లో మధ్యాహ్నం వేళలు. తోటలోకి వెళ్లి నందులను దగ్గరగా చూడాలనుకునేవారు శుక్రవారం సెలవు పెట్టి, వేళలు కనుక్కుని ముందే రావాలి. ఆదివారం బాట మీద నిలబడి దూరం నుంచి చూడడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. వచ్చిన దారినే తిరిగితే రానుపోను ఆరు మైళ్లకు అటూ ఇటూగా ఉంటుంది, నిదానంగా నడిస్తే మూడున్నర గంటలు. ఓపికున్నవారు అదే బాటలో లాంగ్‌బరో దాకా వెళ్లి, అక్కడి నుంచి మరో పొలంబాటలో మోర్టన్ చేరితే ఏడెనిమిది మైళ్ల చుట్టు అవుతుంది.

నడక ముగిశాక ఆదివారం రోస్టు తినాలంటే దానికి బల్ల శుక్రవారమే చెప్పి ఉంచాలి. మధ్యాహ్నం మూడు, నాలుగు దాటితే వంట అయిపోయిందంటారు. కాటేజీలో ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం చట్టప్రకారం ఆరు గంటలే తెరుస్తాయి, సాయంత్రం నాలుగైదింటికల్లా మూతపడతాయి.

మూడో రాత్రి కూడా దొరికితే

సోమవారం సెలవు పెట్టగలిగితే బస్సులో చిప్పింగ్ క్యాంప్‌డెన్ వెళ్లండి. ఆ ఊరి వీధి మొత్తం ఈ ప్రాంతంలోకెల్లా అందమైనదని నా అభిప్రాయం. చిప్పింగ్ అంటే సంత. 1627లో కట్టిన సంత మండపం నేలమీది రాళ్లు అరిగిపోయి, ఎగుడుదిగుడుగా ఇంకా నిలిచి ఉంది. బాత్ దాకా 102 మైళ్లు సాగే కాట్స్‌వోల్డ్ వే బాట మొదలయ్యేది ఈ ఊళ్లోనే. దాని మొదటి మైలు ఎక్కితే డోవర్స్ హిల్ అనే గుట్ట వస్తుంది. 1612 ప్రాంతంలో రాబర్ట్ డోవర్ మొదలుపెట్టిన ఆటల పోటీలు ఇప్పటికీ ఆ గుట్ట మీద జరుగుతాయి, ఒకరి కాళ్లను ఒకరు తన్నుకునే పోటీతో సహా. గుట్ట మీద గడ్డిలో కూర్చుంటే కింద ఈవ్‌షమ్ లోయ అంతా పరుచుకుని కనిపిస్తుంది.

తిరుగు రైలు

ఆదివారం సాయంత్రపు రైళ్లు మోర్టన్‌లో సగం ఖాళీగా కనిపించినా ఆక్స్‌ఫర్డ్‌లో నిండిపోతాయి కాబట్టి, టికెట్టుతోపాటు సీటు కూడా రిజర్వు చేసుకోండి. స్టేషనుకు పదిహేను నిమిషాల ముందు చేరి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని బూట్ల బురద ఒక పుల్లతో గీకేయండి. ఎంత గీకినా కొంత మిగులుతుంది, అందుకని బూట్లు పట్టే ప్లాస్టిక్ సంచి ఒకటి, మార్చుకోవడానికి చెప్పుల జత ఒకటి శుక్రవారమే సర్దుకోవడం మరిచిపోవద్దు.